ప్రాక్టీస్‌లో వచ్చే ఆట మ్యాచ్‌లో రావడం లేదు: మానసిక శిక్షణ గురించి తెలిసినవాళ్లు చెప్పండి

షటిల్‌పిచ్చి

అందరికీ నమస్తే. బ్యాడ్మింటన్ సింగిల్స్ ఆడతాను. ఇక్కడ చాలాకాలంగా చదవడమే కానీ రాయలేదు, ఇప్పుడు నిజంగా సాయం కావాలి.

ప్రాక్టీస్‌లో నా షార్ట్ సర్వ్ నెట్ టేపుని రాసుకుంటున్నట్టే దాటుతుంది. అదే మ్యాచ్‌లో స్కోరు 18-18 అయిందంటే చాలు, బొటనవేలు గ్రిప్ మీద గట్టిగా నొక్కుకుపోతుంది, మణికట్టు కదలదు, షటిల్ నెట్‌లోనన్నా పడుతుంది లేదంటే పైకి లేచి అవతలివాడికి స్మాష్‌కి అందుతుంది. ఆటలో నాకంటే తక్కువ అని నాకు తెలిసినవాళ్ల చేతిలోనే ఓడిపోతున్నాను. కోచ్ 'టెన్షన్ పడకు' అంటారు, ఇంట్లో 'కాన్ఫిడెన్స్ ఉండాలి' అంటారు. టెన్షన్ పడకూడదని నాకూ తెలుసు, పడకుండా ఎలా ఉండాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంకో సంగతి. ఈమధ్య పొద్దున్నే లేచి ప్రాక్టీస్‌కి వెళ్లాలనే అనిపించడం లేదు. ఆట మీద ఇష్టం పోయిందో, వరస ఓటముల వల్లో అర్థం కావడం లేదు. మోటివేషన్ వీడియోలు చూస్తే ఆ పూటకి ఊపు వస్తుంది, మర్నాటికి ఏమీ మిగలదు. మైండ్ ట్రెయినింగ్ అనేది నిజంగా ఉందా? ఉంటే రోజూ ఏం చేయాలి?

పాతకోచ్

ఉంది తమ్ముడూ. కాకపోతే అది వీడియోల్లో దొరకదు. దృష్టి ఎక్కడ పెట్టాలి, ఊపిరి ఎలా తీసుకోవాలి, మనలో మనం ఏం మాట్లాడుకోవాలి అన్నవాటికి రోజువారీ ప్రాక్టీస్ గంటల్లోనే శిక్షణ ఇవ్వాలి. చాలామంది పిల్లలు టోర్నమెంట్ రేపో ఎల్లుండో అనగా వచ్చి 'సర్, మైండ్ స్ట్రాంగ్ అవడానికి ఏదైనా చెప్పండి' అంటారు. రెండు రోజుల్లో బ్యాక్‌హ్యాండ్ నేర్పమని ఎవరూ అడగరు, మనసు విషయం దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరికీ చిట్కా కావాలి.

కీలకమైన పాయింట్ దగ్గర చెయ్యి బిగుసుకోవడం నీ ఒక్కడికే వచ్చిన కష్టం కాదు. 1993 వింబుల్డన్ ఫైనల్లో యానా నొవోత్నా, స్టెఫీ గ్రాఫ్ మీద మూడో సెట్లో 4-1తో ముందుంది. సర్వీస్ తనదే, స్కోరు 40-30, ఒక్క పాయింట్ వస్తే 5-1. అక్కడ డబుల్ ఫాల్ట్ చేసింది, అంటే రెండు సర్వ్‌లూ తప్పి పాయింట్ పోగొట్టుకుంది. ఆ తర్వాత ఒక్క గేమ్ కూడా గెలవలేదు, 6-4తో సెట్టూ పోయింది, టైటిలూ పోయింది. ఆమెకి ఆట రాకనా? అదే నొవోత్నా 1998లో అదే కోర్టు మీద చాంపియన్ అయింది. మధ్యలో ఐదేళ్లు పట్టాయి, అదీ గుర్తుపెట్టుకో.

నువ్వు రాసినదాంట్లో నాకు పనికొచ్చే మాట బొటనవేలు గురించి చెప్పింది. ఆ సర్వ్ వేసే ముందు నీ మనసులో ఏం నడుస్తుంది? స్కోరా, అవతలివాడా, సర్వ్ ఎలా వేయాలన్నదా? ముందు అది చెప్పు.

షటిల్‌పిచ్చి

సర్, గుర్తు తెచ్చుకుంటే ఇలా ఉంటుంది: 'మణికట్టు కదపకు, మెల్లగా నెట్టు, పైకి లేవనీయకు'. ప్రాక్టీస్‌లో ఇవేవీ అనుకోను, ఊరికే వేసేస్తాను.

ఆటమనసు

ముడి అక్కడే ఉందండి. నేను క్రీడా మనస్తత్వశాస్త్రం చదివి, ఆటగాళ్లతో పనిచేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

బాగా అలవాటైన పని మెదడు దానంతట అది చేసుకుపోతుంది. ఒత్తిడి వచ్చినప్పుడు తప్పు జరగకూడదన్న భయంతో మనం ఆ పనిని మళ్లీ ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ కనిపెట్టుకుని చూడటం మొదలుపెడతాం. దాంతో కదలికలో ఉన్న ఒరవడి పోతుంది. 2002లో షాన్ బైలాక్ బృందం ఒక ప్రయోగం చేసింది. ఫుట్‌బాల్ ఆటగాళ్లని కోన్‌ల మధ్యగా బంతిని తీసుకెళ్లమన్నారు, మధ్యమధ్యలో శబ్దం వినిపించినప్పుడల్లా ఇప్పుడు పాదంలో ఏ పక్క బంతికి తగిలిందో చెప్పమన్నారు. అనుభవం ఉన్నవాళ్లు తమకి బాగా వాటమైన కాలితో ఆడినప్పుడు, అలా గమనించడం వల్ల నెమ్మదించిపోయారు. అదే వాటం లేని కాలితో ఆడినప్పుడు మాత్రం గమనించడం మేలు చేసింది. అంటే నేర్చుకునే దశలో సాయం చేసే ఆలోచనే, వచ్చేసిన పనికి అడ్డుపడుతుంది. మీ సర్వ్ మీకు వచ్చేసింది. 18-18 దగ్గర మీరు దాన్ని మళ్లీ మొదటిరోజు నేర్చుకుంటున్నట్టు వేస్తున్నారు, అంతే.

ఏం చేయాలంటే, దృష్టిని ఒంటి మీద నుంచి బయటికి తీసుకెళ్లాలి. గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలు 1990ల చివరి నుంచి దీని మీదే పనిచేస్తున్నారు: చెయ్యి ఎలా కదులుతోంది అన్నదానికంటే ఆ కదలిక వల్ల బయట ఏం జరగాలి అన్నదాని మీద మనసు పెట్టినప్పుడు కదలిక సాఫీగా వస్తుందని చాలా ఆటల్లో కనిపించింది. మీ విషయంలో అయితే అవతలి సర్వీస్ లైన్ మీద షటిల్ పడాల్సిన చోటు ఒకటి ఎంచుకోండి, దాన్నే చూడండి, మణికట్టుని పట్టించుకోకండి. మాట ఏదైనా కావాలనుకుంటే ఒకే ఒక్క మాట పెట్టుకోండి, 'టేప్' అనో 'లైన్' అనో. అదీ ఈరోజు నుంచి ప్రాక్టీస్‌లో ప్రతి సర్వ్‌కీ వాడండి. మ్యాచ్‌లో కొత్తగా వాడితే అదే ఇంకో టెన్షన్ అవుతుంది.

ఎడమకాలు

'పైకి లేవనీయకు' అనుకోవడం కూడా మానేయాలి బ్రో. నేను ఫుట్‌బాల్ ఆడతాను, పెనాల్టీ కొట్టేటప్పుడు 'గోల్ బార్ మీద నుంచి పోనివ్వకు' అనుకున్న ప్రతిసారీ నా కళ్లు బార్ మీదకే పోయేవి. 1987లో డేనియల్ వెగ్నర్ చేసిన తెల్ల ఎలుగుబంటి ప్రయోగం చాలామంది వినే ఉంటారు, దాని గురించి ఆలోచించకండి అంటే అదే గుర్తొస్తుంది. అందుకే నాకు నేను చెప్పుకునేది ఎప్పుడూ చేయాల్సిన పని రూపంలోనే ఉండాలని పెట్టుకున్నాను.

పెనాల్టీల మీద నార్వేకి చెందిన గెయిర్ యోర్డెట్ చేసిన పని మీలాంటివాళ్లకి బాగా పనికొస్తుంది. పెద్ద టోర్నమెంట్ల షూటౌట్ల వీడియోలు చూసి, ఆటగాడు ఎటు చూస్తున్నాడు, రిఫరీ విజిల్ వేశాక ఎంతసేపటికి పరుగు మొదలుపెడుతున్నాడు అని లెక్కగట్టాడు. విజిల్ వినపడగానే 'ఇది త్వరగా అయిపోతే బాగుండు' అన్నట్టు దూకేసేవాళ్లు ఎక్కువగా మిస్సయ్యారని తేలింది. నువ్వు 18-18 దగ్గర సర్వ్ మామూలుకంటే త్వరగా వేసేస్తున్నావేమో ఎవరిచేతనైనా వీడియో తీయించి చూసుకో. నా అనుమానం నూటికి నూరుపాళ్లు అదే.

గురిచూడు

రైఫిల్ షూటింగ్ చేస్తాను. మా ఆటలో పరుగు లేదు, ఎదుటివాడు మన మీదకి రాడు, ఉన్నదల్లా మనమూ, మన గుండె దడా. అందుకని దీని గురించి కొంచెం ఎక్కువే ఆలోచించాల్సి వచ్చింది.

2008 బీజింగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఫైనల్ తీసుకోండి. ఆఖరి షాట్ ముందు అభినవ్ బింద్రా, ఫిన్లాండ్ ఆటగాడు హెన్రి హాకినెన్ సమానంగా ఉన్నారు. బింద్రా 10.8 కొట్టాడు, ఒక షాట్‌కి గరిష్ఠం 10.9. హాకినెన్‌ది 9.7, నేరుగా మూడో స్థానానికి పడిపోయాడు. అదే ఒలింపిక్స్‌లో మాథ్యూ ఎమ్మన్స్ 50 మీటర్ల త్రీ పొజిషన్ ఫైనల్లో ఆఖరి షాట్ దాకా స్పష్టమైన ఆధిక్యంలో ఉన్నాడు, ఆ షాట్ 4.4 వచ్చి నాలుగో స్థానంలో ఆగిపోయాడు. అంతకుముందు 2004లో ఏథెన్స్‌లో ఆఖరి షాట్‌ని పక్క లేన్ టార్గెట్ మీద కాల్చి సున్నా తెచ్చుకున్నది కూడా అతనే. ఇలా రెండుసార్లు జరిగాక కూడా ఆట వదల్లేదు, 2012లో లండన్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచాడు. మనోబలం అంటే నాకు ఎమ్మన్సే గుర్తొస్తాడు, ఎప్పుడూ తడబడనివాళ్లు కాదు.

ఇక పని విషయానికొస్తే, గుండె దడ తగ్గాకే కాలుద్దాం అని కూర్చుంటే ఎప్పటికీ కాల్చలేం. దడతో ఎలా కాల్చాలో నేర్చుకోవాలి. నేను ప్రతి షాట్‌కీ ఒకే వరస పాటిస్తాను: కాళ్లు సర్దుకోవడం, రైఫిల్ ఎత్తడం, ఒక ఊపిరి నిదానంగా వదలడం, గురి కుదరడం, ట్రిగ్గర్. వరస ఎక్కడైనా తెగిందనిపిస్తే రైఫిల్ దించి మళ్లీ మొదటినుంచి. దించడానికి ధైర్యం కావాలి, ఎందుకంటే పోటీలో టైం నడుస్తుంటుంది, అయినా దించాలి.

ఊపిరి గురించి ఒక్కమాట. నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున, తీసుకునేదానికంటే వదలడం కాస్త ఎక్కువసేపు ఉండేలా రోజూ సాధన చేస్తే గుండె లయ దాన్ని అనుసరించడం మీకే తెలుస్తుంది. బ్యాడ్మింటన్‌లో పాయింట్‌కీ పాయింట్‌కీ మధ్య అంత సమయం ఇవ్వరు కాబట్టి ఒక్క పొడవాటి నిశ్వాస చాలు. 11 దగ్గర వచ్చే 60 సెకన్ల విరామంలో మాత్రం రెండు మూడు నిండు శ్వాసలు తీసుకోవచ్చు, ఆ సమయమంతా కోచ్ మాటలతో నింపేయకుండా చూసుకోండి.

దూరపరుగు

ఇవన్నీ సరే కానీ అన్నయ్యలూ, విజువలైజేషన్ పేరుతో జరుగుతున్నది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మా గ్రూపులో ఒక శిబిరానికి పంపించారు, అక్కడ అందరినీ పడుకోబెట్టి పోడియం మీద నిలబడినట్టు, మెడలో పతకం వేస్తున్నట్టు ఊహించుకోమన్నారు. ఐదు వేల మీటర్ల రేసులో నాలుగో కిలోమీటర్ దగ్గర కాళ్లు బరువెక్కినప్పుడు ఆ పతకం బొమ్మ ఎందుకు పనికొస్తుంది?

దానికి తోడు ప్రతి మోటివేషన్ స్పీకరూ చెప్పే బానిస్టర్ కథ ఒకటి. నాలుగు నిమిషాలలోపు మైలు పరిగెత్తడం అసాధ్యమని ప్రపంచమంతా నమ్మిందట, 1954 మే 6న అతను 3:59.4లో పరిగెత్తగానే అందరి మనసుల్లో అడ్డుగోడ కూలిపోయి వరసపెట్టి అందరూ పరిగెత్తేశారట. గుండర్ హేగ్ 1945లోనే 4:01.4 పరిగెత్తాడు, ఆ రికార్డు తొమ్మిదేళ్లు నిలిచింది. హేగ్ యుద్ధంలో తటస్థంగా ఉన్న స్వీడన్ వాడు. మిగతా యూరప్‌లో యుద్ధం వల్ల ఒక తరం అథ్లెట్ల శిక్షణే దెబ్బతింది, రికార్డు అన్నేళ్లు నిలిచిందంటే దాన్ని కూడా చూడాలి, ఉత్త మనసులో గోడనే కాదు. బానిస్టర్ తర్వాత జూన్ 21న జాన్ లాండీ 3:57.9 పరిగెత్తింది నిజమే, కానీ అతను అప్పటికే ఏడాదికి పైగా 4:02 దగ్గర తచ్చాడుతున్న మనిషి. ఆ ఏడాది మొత్తంలో నాలుగు నిమిషాలలోపు పరిగెత్తింది వాళ్లిద్దరే. బానిస్టర్ గెలుపు వెనక ఇంటర్వెల్ ట్రెయినింగ్ (వేగంగా పరిగెత్తడం, కాస్త తేరుకోవడం, మళ్లీ పరిగెత్తడం) ఉంది, వేగం పట్టి ముందు పరిగెత్తిన బ్రాషర్, చాటవే ఉన్నారు. దాన్నంతా 'నమ్మితే చాలు' అని చెప్పడం ఆ ముగ్గురి కష్టాన్నీ తక్కువ చేయడమే.

ఆటమనసు

దూరపరుగు గారూ, బానిస్టర్ విషయంలో మీతో పూర్తిగా ఏకీభవిస్తాను. విజువలైజేషన్‌ని మాత్రం ఆ శిబిరాన్ని బట్టి కొట్టిపారేయకండి. ఊహలో సాధన మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి 1983లో ఫెల్ట్జ్, లాండర్స్ చేసిన విశ్లేషణ నుంచి చూస్తే, అసలేమీ చేయకపోవడం కంటే మేలు, ఒళ్లు వంచి చేసే సాధనకి సాటి రాదు, రెండూ కలిపితే ఉపయోగం. అయితే ఏం ఊహించుకుంటున్నాం అన్నదే అంతా. పతకాన్ని కాదు, పనిని ఊహించుకోవాలి. మీరు చెప్పిన ఆ నాలుగో కిలోమీటరే ఊహించుకోవాలి: కాళ్లు బరువెక్కాయి, ముందున్న అమ్మాయి పది అడుగులు దూరం పెంచింది, అప్పుడు భుజాలు ఎలా వదులు చేస్తారు, కళ్లు ఎక్కడ పెడతారు. పడుకుని కాకుండా వీలైతే బూట్లు వేసుకుని, నిలబడి, అసలు పరుగెంత వేగమో అంతే వేగంతో.

ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ చేసింది ఇదే. బీజింగ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైలో దూకగానే అతని గాగుల్స్‌లోకి నీళ్లొచ్చాయి. చివరికొచ్చేసరికి గోడ కూడా కనపడలేదు. స్ట్రోకులు లెక్కపెట్టుకుంటూ ఈది 1:52.03తో ప్రపంచ రికార్డు, స్వర్ణం రెండూ కొట్టాడు. కోచ్ బాబ్ బౌమన్ చిన్నప్పటినుంచీ అతనితో రేసు సజావుగా సాగడంతో పాటు అన్నీ తేడాగా జరగడం కూడా ఊహింపజేశాడు, ఒకసారి పోటీకి ముందు కావాలనే అతని గాగుల్స్ తొక్కి పాడుచేశాడని కూడా చెప్పుకొచ్చాడు. అందుకే నిజంగా నీళ్లొచ్చినప్పుడు ఫెల్ప్స్ దగ్గర చేయాల్సిన పని సిద్ధంగా ఉంది.

దూరపరుగు

ఇలా చెబితే అర్థమైంది. పని ఊహించుకోవడం అంటే నాకేం అభ్యంతరం లేదు, నిజానికి రేసు ముందు రోజు ట్రాక్ చుట్టూ నడుస్తూ నేను చేసుకునేది అదే, దానికి ఆ పేరు ఉందని అనుకోలేదు. ఆ శిబిరం మీద కోపం మాత్రం పోదు.

షటిల్‌పిచ్చి

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు, చాలా థ్యాంక్స్. వీడియో పాతదొకటి ఉంటే చూశాను. ఎడమకాలు అన్న చెప్పింది నిజమే, గేమ్ మొదట్లో షటిల్ పట్టుకుని ఒకసారి అటువైపు చూసి వేస్తున్నాను, చివర్లో షటిల్ చేతికి రాగానే వేసేస్తున్నాను, తల కూడా ఎత్తడం లేదు.

ఒక సందేహం. ప్రాక్టీస్‌లో నాకు టెన్షనే రాదు కదా, మరి టెన్షన్‌లో ఆడటం ప్రాక్టీస్‌లో ఎలా నేర్చుకోవాలి?

పాతకోచ్

తెచ్చిపెట్టుకోవాలి. మ్యాచ్‌లో ఉన్నంత రాదు, రానక్కర్లేదు కూడా. నెదర్లాండ్స్‌లో ఔడెయాన్స్ అనే పరిశోధకుడు డార్ట్‌లు విసిరేవాళ్లలో కొందరిని క్లైంబింగ్ గోడ మీద ఎత్తులో నిలబెట్టి, కాస్త భయం వేసేచోట సాధన చేయించాడు. ఆ కాస్త భయంలో సాధన చేసినవాళ్లు తర్వాత ఇంకా ఎక్కువ ఒత్తిడిలో కూడా గురి కాపాడుకోగలిగారు. కింద హాయిగా నిలబడి సాధన చేసినవాళ్లు కాపాడుకోలేకపోయారు.

నేను నా పిల్లలతో చేయించేది చెబుతాను. గేమ్ 0-0 నుంచి కాకుండా 18-18 నుంచి మొదలుపెట్టిస్తాను, అలా వరసపెట్టి ఆడిస్తాను. మిగతా బ్యాచ్ అంతా ఆట ఆపేసి కోర్టు చుట్టూ కూర్చుని చూస్తారు, మాట్లాడరు. ఆ నిశ్శబ్దమే సగం పని చేస్తుంది. ఒక్కోసారి బాగా అలిసిపోయిన తర్వాత, గుండె వేగంగా కొట్టుకుంటున్నప్పుడు ఒక్కటంటే ఒక్క సర్వ్ వేయిస్తాను, రెండో అవకాశం ఉండదు, నెట్‌లో పడితే ఆరోజుకి అంతే, రాకెట్ బ్యాగ్‌లో పెట్టేయాలి. పిల్లలకి అది ఎంత గుచ్చుకుంటుందో చూడాలి. మర్నాడు ఆ ఒక్క సర్వ్ కోసమే వస్తారు.

దీంతోపాటు 'ఇలా అయితే ఇలా చేస్తాను' అని కాగితం మీద రాసుకో. గాల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త దీని మీద చాలా పనిచేశాడు. 'స్కోరు 18 దాటితే, షటిల్ ఎడమచేతిలోకి తీసుకుని, ఊపిరి వదిలి, లైన్ చూసి, అప్పుడు వేస్తాను'. 'సర్వ్ నెట్‌లో పడితే వెనక గీత దాకా నడిచి రాకెట్ తీగలు ఒకసారి చూసుకుని తిరుగుతాను'. ఇంత చిన్నగా ఉండాలి. 'పట్టుదలగా ఆడతాను' అని రాసుకుంటే దానివల్ల ఏమీ రాదు.

గురిచూడు

దీనికి ఒకటి కలుపుతాను. ఒంట్లో పుట్టే ఆ వణుకుకి మనం ఏం పేరు పెడతామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. 2014లో అలిసన్ వుడ్ బ్రూక్స్ చేసిన ప్రయోగాల్లో, జనం ముందు పాడబోయేవాళ్లు, ప్రసంగించబోయేవాళ్లు 'నేను శాంతంగా ఉన్నాను' అనుకున్నప్పటికంటే 'నాకు హుషారుగా ఉంది' అనుకున్నప్పుడు బాగా చేశారు. అది ఆటల మీద చేసింది కాదు, అయినా నాకు పనికొచ్చింది. దడ రెండింట్లోనూ ఒకటే కాబట్టి భయం నుంచి హుషారుకి మారడం, భయం నుంచి శాంతానికి మారడం కంటే దగ్గరి దారి.

గ్యాలరీ_అమ్మ

మా అమ్మాయి ఈత పోటీలకి వెళ్తుంది, పదమూడేళ్లు. రెండో ప్రశ్న గురించి, అదే మోటివేషన్ గురించి ఎవరూ పెద్దగా రాయలేదు, నాకు కావాల్సింది అదే. మా ఇంట్లో ఒక ఆలోచన నడుస్తోంది, పతకం తెచ్చినప్పుడల్లా తనకి నచ్చింది ఏదైనా కొనిస్తామని చెబుదామని. మావారు అదైతే హుషారుగా ఈదుతుందంటారు. నాకెందుకో మనసొప్పడం లేదు, కారణం చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

ఆటమనసు

మీ మనసు సరిగ్గానే చెబుతోందండి. 1971లో ఎడ్వర్డ్ డెసి కాలేజీ విద్యార్థులకి ముక్కలు పేర్చే పజిల్స్ ఇచ్చాడు. కొందరికి మధ్యలో కొంతసేపు డబ్బు ఇచ్చి, తర్వాత ఆపేశాడు. డబ్బు ఆగాక వాళ్లు ఖాళీ సమయంలో ఆ పజిల్ జోలికి మునుపటంత వెళ్లలేదు. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చిన్నపిల్లల మీద చేశారు: బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న పిల్లలకి ముందే 'గీస్తే బహుమతి ఇస్తాం' అని చెప్పి ఇచ్చారు. కొన్నాళ్లకి ఆ పిల్లలే గీయడం తగ్గించేశారు. చెప్పకుండా బహుమతి ఇచ్చిన పిల్లల్లో ఆ తగ్గుదల లేదు. కాబట్టి పాప బాగా ఈదిన రోజు ఇంట్లో సంబరం చేసుకోవద్దని కాదు. 'ఇది తెస్తే అది' అనే ఒప్పందం పెట్టుకుంటే, కొన్నాళ్లకి తనకి కూడా ఈత ఆ వస్తువు కోసమే అనిపించడం మొదలవుతుంది.

డెసి, రిచర్డ్ రయన్ కలిసి తర్వాత దీన్ని పెద్ద సిద్ధాంతంగా తయారుచేశారు. మనిషి ఒక పనిలో ఇష్టంగా, ఎక్కువకాలం నిలబడాలంటే మూడు కావాలంటారు. ఇది నేను ఎంచుకున్నది అన్న భావం, నాకు ఇందులో చేతనవుతోంది అన్న నమ్మకం, ఇక్కడ నేను వీళ్ల మనిషిని అన్న అనుబంధం. షటిల్‌పిచ్చి గారూ, ఇది మీక్కూడా. పొద్దున లేవబుద్ధి కావడం లేదన్నారు కదా, ఈ మూడింట్లో ఏది తగ్గిందో చూసుకోండి. ప్రాక్టీస్‌లో ఏం చేయాలో మొత్తం ఇంకొకరే నిర్ణయిస్తున్నారా? గెలుపోటములు తప్ప మీరు మెరుగయ్యారని చెప్పే గుర్తు ఇంకేదైనా ఉందా? కలిసి ఆడే నేస్తాలెవరైనా వెళ్లిపోయారా? చాలాసార్లు ఆట మీద ఇష్టం పోదు, ఈ మూడింట్లో ఒకటి జారిపోతుంది.

షటిల్‌పిచ్చి

మూడోది. నాతో మొదటినుంచీ ఆడిన ప్రాక్టీస్ పార్ట్‌నర్ చదువు కోసం వెళ్లిపోయాడు. ఇప్పటిదాకా దాన్ని దీనికి ముడిపెట్టి చూడలేదు.

దూరపరుగు

ఒళ్లు కూడా చూసుకో తమ్ముడూ. మోటివేషన్ లేదు అనుకునేది ఒక్కోసారి ఉత్త అలసట. 1987లో విలియం మోర్గాన్ బృందం కాలేజీ ఈతగాళ్లని ఏళ్ల తరబడి గమనించి రాసింది ఏంటంటే, శిక్షణ భారం పెరిగేకొద్దీ వాళ్ల మూడ్ దిగజారింది, భారం తగ్గించగానే మళ్లీ లేచింది. నిద్ర సరిగ్గా లేకపోయినా, ఖర్చుపెట్టే శక్తికి తగ్గట్టు తినకపోయినా ముందు పోయేది ఉత్సాహమే. దాన్ని బద్ధకం అనుకుని ఇంకా ఎక్కువ సాధన చేస్తే గొయ్యి ఇంకా లోతవుతుంది. ఒక వారం తేలిగ్గా ఆడి చూడు, ఇష్టం దానంతటదే తిరిగొస్తే నీకు జవాబు దొరికినట్టే.

ఎడమకాలు

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలనుంది. మన దగ్గర మోటివేషన్ అంటే కోచ్ అందరి ముందూ తిట్టడం అనే అభిప్రాయం ఇంకా ఉంది. తిడితే కసి పుడుతుందంటారు. కసితో ఒక మ్యాచ్ ఆడొచ్చు, పదేళ్లు ఆడలేం. నాతో మొదలుపెట్టినవాళ్లలో అందరికంటే ప్రతిభ ఉన్నవాడు ఒక కోచ్ నోటికి భయపడి బంతిని అడగడమే మానేశాడు, గ్రౌండ్‌లో ఎక్కడ దాక్కుంటే పాస్ రాదో అక్కడ దాక్కునేవాడు. చివరికి ఆటే మానేశాడు.

పాతకోచ్

ఎడమకాలూ, కోచ్‌లందరినీ ఒకే గాటన కట్టకు, కఠినంగా ఉండటానికీ అవమానించడానికీ తేడా ఉంది. పిల్లవాడు పనిలో అలసత్వం చూపిస్తే నేను వదలను, మళ్లీ చేయిస్తాను, గొంతు కూడా పెంచుతాను. కాకపోతే ఎందుకు చేయాలో చెబుతాను, రెండు పద్ధతులు ముందు పెట్టి ఒకటి ఎంచుకోమంటాను, తిట్టేది ఆ షాట్‌నే, మనిషిని కాదు. ఎంపిక వాడిదైనప్పుడు నేను చూడకపోయినా చేస్తాడు. నువ్వు చెప్పిన కుర్రాడి విషయం మాత్రం వింటే బాధేసింది, అలాంటివాళ్లని నేనూ చూశాను.

మూడోలేన్

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఈ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. భుజం ఆపరేషన్ తర్వాత తిరిగి ఈత మొదలుపెట్టినవాడిని. మెంటల్ టఫ్‌నెస్ అనే మాటని నొప్పి దాచుకోవడానికి, దిగులు దాచుకోవడానికి వాడుకునేవాళ్లని చాలామందిని చూశాను.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టీమ్ ఫైనల్ నుంచి తప్పుకున్నప్పుడు ఎన్ని మాటలన్నారో అందరికీ గుర్తుంది. వాల్ట్ మీద గాలిలో రెండున్నర మెలికలు తిరగాల్సిన మనిషి ఒకటిన్నరకే ఆగిపోయింది, ఒళ్లు ఎక్కడుందో తనకే తెలియలేదు. జిమ్నాస్టిక్స్‌లో ఆ స్థితిలో కొనసాగితే మెడ విరుగుతుంది. ఆగి, సాయం తీసుకుని, బీమ్ మీద కాంస్యం గెలిచి, 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం తెచ్చుకుంది. పైన గురిచూడు గారు రాసిన అభినవ్ బింద్రా కూడా స్వర్ణం తర్వాత తనని కమ్మేసిన శూన్యం గురించి బాహాటంగా మాట్లాడాడు. గెలిచినవాళ్లకీ వస్తుంది ఇది. 2019లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ కూడా ఒక నిపుణుల ప్రకటనలో ఆటగాడి మానసిక ఆరోగ్యాన్ని శారీరక ఆరోగ్యం నుంచి విడదీసి చూడలేమని రాసింది.

కాబట్టి ఇక్కడ చెప్పిన సర్వ్ వరసలు, ఊపిరి సాధనలు ఆటకి సంబంధించినవి. రెండు మూడు వారాలు దాటినా నిద్ర పట్టకపోతే, ఇష్టమైన మిగతా పనులు కూడా చేయబుద్ధి కాకపోతే, బతకడం దండగ అనిపిస్తే, అది ఫోరంలో తేలేది కాదు. వెంటనే డాక్టర్‌నో సైకాలజిస్ట్‌నో కలవాలి. మోకాలికి స్కాన్ తీయించుకోవడానికి సిగ్గుపడం కదా.

షటిల్‌పిచ్చి

లేదన్నా, నాకు అంతదూరం లేదు, నిద్ర బాగానే పడుతుంది. అడిగినందుకు, రాసినందుకు నిజంగా థ్యాంక్స్. కొత్త పార్ట్‌నర్ కోసం క్లబ్‌లో అడుగుతున్నాను. 18-18 గేమ్‌లు మా కోచ్‌తో మాట్లాడి ఈ వారం నుంచి పెట్టించుకుంటాను. మ్యాచ్ అయ్యాక ఏం రాసుకోవాలి, అదొక్కటి చెప్పండి. గెలిచానా ఓడానా తప్ప నాకేం రాయాలో తోచదు.

గురిచూడు

ఫలితం మొదటి వరసలో రాసి వదిలేయండి. దాని కింద, వరస ఎన్నిసార్లు పూర్తిగా పాటించాను, ఎక్కడ తెగింది, తెగినప్పుడు మనసులో ఏముంది. నేను స్కోరు బాగా వచ్చిన రోజు కూడా వరస తెగిన షాట్లనే ముందు రాస్తాను. ఓడిన మ్యాచ్‌లో 18 తర్వాత వేసిన సర్వ్‌లన్నీ వరస ప్రకారం వేసి ఉంటే అది మంచి రోజే అని కింద గీత గీయండి. రాత్రికి రాత్రి విశ్లేషణలు వద్దు, కాస్త చల్లబడ్డాక మర్నాడు రాయండి.

గ్యాలరీ_అమ్మ

ఆటమనసు గారూ, బహుమతి ఆలోచన మానేశాం, మావారికి మీ పోస్టు చదివి వినిపించాను. చివరిగా ఒకటి అడుగుతాను. రేసు అయిపోయి కారులో ఇంటికి వచ్చేటప్పుడు తనతో ఏం మాట్లాడాలో తెలియడం లేదు. బాగా చేశావంటే 'నీకేం తెలుసు' అంటుంది, ఏమీ అనకపోతే నాకు కోపం వచ్చిందనుకుంటుంది.

ఆటమనసు

రేసు గురించి మీరు మొదలుపెట్టకండి. ఆకలిగా ఉందా, ఏం తింటావు అని అడగండి, పాట పెట్టుకుంటానంటే పెట్టుకోనివ్వండి. తనే మొదలుపెడితే టైమింగ్ అడక్కుండా 'ఏ ల్యాప్ బాగా అనిపించింది?' అని అడిగి వినండి. ఏడిస్తే ఏడవనివ్వండి, వెంటనే ఓదార్పు మాటలు అక్కర్లేదు. నువ్వు ఈదుతుంటే చూడటం నాకు ఇష్టం అన్న మాట మాత్రం గెలిచిన రోజూ ఓడిన రోజూ ఒకే గొంతుతో చెప్పండి. టర్న్ ఎందుకు ఆలస్యమైంది, స్టార్ట్ ఎందుకు సరిగ్గా రాలేదు అన్నవి కోచ్ చూసుకుంటారు, అవి కారులోకి తేకండి.